పదకొండు పేర్లు

గిన్నె మూత ఎగిరెగిరి పడుతున్నా కన్నమ్మ స్టవ్వు ఆర్పలేదు. కత్తెరలు పావుగంట మరగాలి. గోడ గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలుంది. మొన్న దసరా దాకా ఈ పురిటిగదిలో స్టవ్వూ లేదు, మరగబెట్టడమూ లేదు. అదే కత్తెరను అదే గుడ్డతో తుడిచి మరో బొడ్డు కోసేవారు.

కన్నమ్మకు యాభై దాటాయి. బకెట్లు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. ఫినాయిలుకు వేళ్లు బీటలు వారాయి. రైల్వే గ్యాంగులో పనిచేసిన భర్త పోయాక కూతురితో దుర్గ్ దగ్గరి నందిని ఊళ్లో సున్నపురాయి గనులకు చేరి, కంట్రాక్టరు నడిపే ఈ గదిలో ఆయాగా కుదిరింది. రాళ్లు కొట్టే కూతురు ఇక్కడే కని, నాలుగో రోజున చలిజ్వరం తగిలి, ఏడో రోజున పోయింది. బిడ్డా దక్కలేదు. ఏ మంచం మీద పోయిందో ఆ మంచాన్నే కన్నమ్మ నాలుగేళ్లుగా తుడుస్తోంది. అలా పోయినవాళ్లు పదకొండు మంది. వాళ్ల పేర్లు ఆమెకు కంఠతా వచ్చు.

కిందటి వానల్లో జ్ఞానప్రసూన గొడుగేసుకుని వచ్చింది. పట్నంలోని సెక్టర్ ఏడు బడిలో పంతులమ్మ, వారపత్రికకు వ్యాసాలు రాస్తుంది. తన పేరు బయటపెట్టనని ఒట్టేయించుకుని కన్నమ్మ ఆ పదకొండు పేర్లూ చెప్పేసింది. పత్రికలో పడ్డాక ఎవరో పెద్ద డాక్టరు తనిఖీకి వచ్చాడు. స్టవ్వు వచ్చింది. ఆనాటి నుంచీ తలుపు చప్పుడైతే చాలు, కన్నమ్మ చేతిలో పని ఆపి అటు చూస్తోంది.

ఇప్పుడూ అంతే. కంట్రాక్టరు తరఫున గది చూసుకునే కాంపౌండరు పార్థసారథి లోపలికొచ్చాడు.

"సాయంత్రం తెలుగు సంఘంలో ఆ పంతులమ్మకి సన్మానమంట. ఆడాళ్ల రోగాలు బాగా రాసిందని! లోపలి మనిషి చెప్పకుండా పేర్లెలా తెలుస్తాయి? ఆ కుసుమే చెప్పుంటాది. రేపట్నించి రావద్దనీసేను."

కుసుమ రెండో ఆయా. ఆరో నెల. పని పోతే క్యాంపులో గదీ పోతుంది.

"అలాగా బాబూ," అంది కన్నమ్మ. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అనిపించింది.

మధ్యాహ్నం ఒక ఛత్తీస్‌గఢీ మనిషి నొప్పులతో వచ్చి ఆడపిల్లను కన్నది. మరిగించిన కత్తెరతో కన్నమ్మ బొడ్డు కోసింది. పెరట్లో గుడ్డలుతుకుతూ కుసుమ ఏడుస్తోంది.

"అత్తా, ఆ పంతులమ్మ మొకమైనా నాను సూళ్లేదే. ఏటి సేసినానని?"

కన్నమ్మ ఆమె చేతిలోని గుడ్డ తీసుకుని, పిండి, తాడు మీద ఆరేసింది.

సాయంత్రం గనుల లారీ ఎక్కి సెక్టర్ ఏడుకు వెళ్లింది. సంఘం హాలులో చిట్టచివరి వరుసలో, గోడకు ఆనుకుని కూర్చుంది. మూడు వరుసల ముందు పార్థసారథి. స్త్రీల ఆరోగ్యం మీద ఆ ఏటి మేటి వ్యాసమని సంఘం పెద్దాయన చదివి వినిపించి, జ్ఞానప్రసూనకు శాలువా కప్పాడు.

"నేను విన్నదే రాశాను," అందామె. "కళ్లారా చూసిన మనిషి వేరే ఉంది. పేరు చెప్పనని మాటిచ్చాను."

పార్థసారథి మెడ తిప్పి హాలంతా వెతికాడు. కన్నమ్మ పారిపోదామనే లేచింది. తలుపు వైపు కాక వేదిక వైపు తిరిగింది.

"నానేనమ్మా సెప్పినాను. అందులో నాలుగో పేరు నా కూతురిది. పాపం, కుసుమకేటీ తెల్దు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జ్ఞానప్రసూన మెట్లు దిగి వచ్చి, తన భుజం మీది శాలువా తీసి, కన్నమ్మకు కప్పింది.

తెల్లారి, పొమ్మనకముందే కన్నమ్మ తాళంచెవులు బల్లమీద పెట్టింది.

"కుసుమని ఉండనీయండి బాబూ."

పార్థసారథి తాళంచెవులు సొరుగులో వేసుకున్నాడు. "ఉండమను," అన్నాడు.

ఎనిమిదింటికల్లా ఆమె రేకుపెట్టెతో దుర్గ్ స్టేషన్లో ఉంది. సొంతూరు విజయనగరానికి టిక్కెట్టు కొంది. వెనక నుంచి ఎవరు నడిచొచ్చినా ఉలిక్కిపడుతోంది. బండి వచ్చింది, ఎక్కింది.

అక్కడ పురిటిగదిలో కుసుమ స్టవ్వు వెలిగించింది. నిన్నటి బాలింతకు జ్వరం లేదు. పక్కనే పసిపిల్ల, కన్నమ్మ వదిలి వెళ్లిన శాలువాలో చుట్టి ఉంది. కొట్టువాడు కుట్టిన ధర చీటీ దాని అంచున ఇంకా అలాగే వేలాడుతోంది.