గోడ దాటిన గుడ్ల ట్రే

నేను ఒక గుడ్ల ట్రేని. చెత్తకాగితాలు నానబెట్టి, రుబ్బి, అచ్చులో పోసి ఆరబెడితే పుట్టాను. నా ఒంట్లో పెళ్లి శుభలేఖలూ ఉన్నాయి, విడాకుల నోటీసులూ ఉన్నాయి. అందుకని మనుషుల తగువులు నాకేం కొత్త కాదు.

అయినా అనపర్తి దగ్గర ఆ తోడల్లుళ్ల తగువు చూసి నాకున్న ముప్పై నోళ్లూ వెళ్లబెట్టాను. ఏదో పెళ్లిలో వడ్డన చేస్తూ చిన్నల్లుడు గంగిరెడ్డి, పెద్దల్లుడు భామిరెడ్డి విస్తట్లో గారె వెయ్యకుండా ముందుకెళ్లిపోయాడట. అంతే, పక్కపక్కనే ఉన్న వాళ్ల కోళ్లఫారాల మధ్య గోడ లేచింది. భామిరెడ్డి భార్య మాణిక్యం, గంగిరెడ్డి భార్య సరోజిని సొంత అక్కాచెల్లెళ్లు. పాపం, అటొకరు, ఇటొకరు అయిపోయారు.

అక్క ఊరుకుంటుందా? షెడ్లోంచి నన్ను తీసి, గుంటల్లో సున్నుండలు సర్ది, గోడ మీదుగా అందించేది. చెల్లెలు వాటిని దించుకొని, తమ షెడ్లోని గుడ్లు పేర్చి తిప్పి పంపేది. ఆ గుడ్లు వంటింట్లో దించాక నన్ను మళ్లీ కోళ్ల మధ్యే పడేసేవారు. నా అడుగున అంటుకున్న రెట్ట సంగతి ఎవరికి పట్టింది! ఇంత ప్రేమ మోసే అట్టముక్క జిల్లాలో ఇంకోటి లేదని నేనూ తెగ మురిసిపోయాను.

కొన్నాళ్లకి రెండు షెడ్లలోనూ కోళ్లకి గురక పట్టుకుంది. గుడ్లు వంకరపోయాయి, పెంకు పల్చబడింది. పశువుల డాక్టరు నమూనాలు పరీక్షకి పంపి, ఫలితం చెప్పడానికి రెండు కుటుంబాలనూ ఒకచోటికి పిలిపించారు. అటు ఒక వైరస్, ఇటు ఇంకొకటి ముందునుంచే ఉన్నాయట. రెండూ ఒకే కోడికి సోకి, దాని ఒంట్లో నకళ్లు తీసుకుంటున్నప్పుడు ముక్కలు కలిసిపోయి మూడోది పుట్టిందట. అందులో సగం భామిరెడ్డి షెడ్డుది, సగం గంగిరెడ్డి షెడ్డుది. వేసిన టీకా దాని మీద పనిచెయ్యడం లేదు, రెండు మందలూ తీసేయక తప్పదన్నారు.

మంద పోతున్న బాధకంటే, తమ వైరస్ వాళ్లదానితో కలిసిందన్న సంగతికే భామిరెడ్డికి ఎక్కువ తలకొట్టేసినట్టయింది. తమ వైరస్ ఎంతో మర్యాదగా రెండు తుమ్ములతో సరిపెట్టుకునేదనీ, వాళ్లదానితో స్నేహం పట్టే పాడైందనీ అన్నాడు. మీదే ఎగబడి వచ్చిందన్నాడు గంగిరెడ్డి. డాక్టరు తల పట్టుకొని, అసలింత గోడ ఎలా దాటిందని అడిగారు.

మాణిక్యం లేచి షెడ్డు వైపు నడిచింది. చెబితే చెల్లెల్ని గోడ మీదుగా చూసుకునే ఆ కాస్త భాగ్యమూ పోతుంది. చెప్పకపోతే రేపొచ్చే కొత్త మందకీ ఇదే గతి. నన్ను తెచ్చి డాక్టరు ముందు పెట్టింది.

"నేనే పంపేనండి. చెల్లిని చూడకుండా ఉండలేకపోయేను."

అట్ట ట్రేలు కడిగితే పోయే రకం కాదు, అన్నీ కాల్చెయ్యమన్నారు డాక్టరు. మందలు పోయి షెడ్లు ఖాళీ అయ్యాక, రెండు ఫారాల ట్రేలనూ ఒకే గోతిలో పోశారు. గోడ ఇంకా ఎత్తు లేపిస్తానని భామిరెడ్డి అక్కడే మొదలుపెట్టాడు. సరోజిని ముందుకొచ్చింది.

"బావగారూ, కోళ్లే లేవు కదండీ. ఇంక నేనొచ్చి అంటించేదేముందండీ?"

అంటూనే ఆమె భామిరెడ్డి పక్కనుంచే నడిచి అక్క దగ్గరికి వెళ్లింది. నా అంచుకి నిప్పంటుకుంది. అక్కాచెల్లెళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని భామిరెడ్డి గేటు దాటి లోపలికి వెళ్తుంటే చూశాను. ఇంక వాళ్లకి నాతో పనిలేదు.