తినే చెయ్యి

మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, కోడలు ఆరాధన చెంచాతో పెరుగన్నం నోటి దగ్గర పెట్టేసరికి వెంకటరావమ్మకు కోపం నషాళానికంటింది.

"ఏందే, నాకు అన్నప్రాసన చేస్తున్నావా?"

"నోరు తెరవండి అత్తయ్యా. మీ అబ్బాయి నన్ను తిడతారు."

పక్షవాతం వచ్చి పోయాక ఆమెకు నడక తిరిగొచ్చింది. మాట అంతకన్నా ముందే వచ్చింది. కుడిచెయ్యి మాత్రం మొండికేసింది. వేళ్ళు వంగుతాయి గాని, ఏం పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలియదు. ఎడమచేత్తో తినమంటే చచ్చినా తిననంది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, చేతికి పని చెప్పమన్నాడు. ఇంట్లోవాళ్ళు ఉప్పుతో పాటు కారమూ తీసేశారు, చేతికి ఒక రబ్బరు బంతి కొనిచ్చారు. చీర మాన్పించి నైటీ తొడిగారు. బంతిని ఆమె గేదెల చావిట్లోకి విసిరేసింది, ఎడమచేత్తో.

ఆ సాయంత్రం కొడుకు నాగేంద్రబాబు చల్లగా చెప్పాడు. "వినుకొండ నుంచి ఒక మనిషిని మాట్లాడానమ్మా. సోమవారం వస్తుంది. తినిపించడం, స్నానం, అన్నీ మంచం దగ్గరే. నువ్వు కదలక్కర్లేదు."

"నా అన్నం నేను తింటే ఆమెను వద్దంటావా?"

"తిన్నప్పుడు చూద్దాంలే."

"చూద్దాంలే కాదు. అంటావా, అనవా?"

"అంటాలే!"

మర్నాడే ఆమె కర్ర పట్టుకుని ఇంటి వెనక కల్లంలోకి నడిచింది. ఎండిన మిరపకాయల రాశి ముందు కూలికొచ్చిన సర్దార్‌బీ కూర్చుని, తెల్లబడిన తాలుకాయలు ఏరి పక్కకు వేస్తోంది.

"ఏంది ఒదినా, దారి తప్పావా?"

"పీట ఇటు లాగవే."

కుడిచేత్తోనే ఏరింది. కాయ పట్టుకున్నాననుకుంటే కిందపడేది. తాలులోకి ఎర్రకాయ పోయేది. సర్దార్‌బీ తిట్టుకుంటూ మళ్ళీ ఏరేది. "నువ్వు చేసే సాయానికి నాకు రెండు కూలీలు ఇయ్యాల ఒదినా!"

నాగేంద్రబాబు చూసి పరుగున వచ్చాడు. "లేమ్మా! ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఏంగాను?"

"చేతికి తెలీకపోతే ఏందిరా, నాకు తెలుసుగా."

"జబ్బు మనిషిని కల్లంలో కూర్చోబెట్టానని ఊరు నవ్వుద్ది."

"తల్లిని మంచానికి కట్టేశాడంటే నవ్వదా? ఎండ నామీద పడుతోంది, పక్కకు జరుగు."

వాడు జరిగాడు. ఆమె రోజూ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నానికి వేళ్ళు కాయను వదలకుండా పట్టాయి. ఉన్నట్టుండి కేకేసింది.

"మండుతోందే!"

సర్దార్‌బీ గాభరాగా లేచింది. "ఎక్కడ? కంట్లోనా?"

"వేళ్ళే! నా వేళ్ళు మండుతున్నయ్యే!"

"ఉండు, కొబ్బరినూనె తెస్తా."

"తేబాకు. కాసేపు మండనీ." అరచెయ్యి ఎండకు పట్టి తిప్పి తిప్పి చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఎడమచేతి మణికట్టుతో తుడుచుకుంది.

చాలాసేపటికి నూనె రాయించుకుని, సబ్బుతో కడుక్కుని, వంటింట్లో పీట వేసుకుంది. ఆరాధన తువ్వాలు తేబోతే కళ్ళెర్ర చేసింది.

"అన్నం పెట్టు. గోంగూర పచ్చడి వెయ్యి."

"కారం అత్తయ్యా..."

"డాక్టరు వద్దన్నది ఉప్పు. అది నీకూ తెలుసు. కొంచెమే వెయ్యి."

వేడన్నం వేళ్ళకు తగిలింది. కలిపింది. మొదటి ముద్ద ఒళ్ళో పడింది. రెండోది సగం నోట్లోకి, సగం గడపవైపు. ఆరాధన చెయ్యి చాపింది.

"చెయ్యి తియ్యి."

మూడో ముద్ద నోట్లోకి పోయింది. గుమ్మంలో నాగేంద్రబాబు నిలబడి ఉన్నాడు.

"తిన్నదానికన్నా పడ్డదే ఎక్కువమ్మా."

"పడితే పడింది. ఊడ్చేదీ నేనే, చీపురు ఆ మూలనుంచు. నువ్వు ముందు వినుకొండకు ఫోన్ చెయ్యి." ఇంకో ముద్ద కలుపుతూ కోడలి వైపు తిరిగింది. "ఏమే, బీరువాలోంచి నా చీర తీసిపెట్టు. ఈ సంచి నేనింక తొడగను."