నాలుగో మెట్టు దాకా

మా ఆయన చేత కొండ ఎక్కించాలన్న ఆలోచన పూర్తిగా నాదే. అందులో కొండ మీద ప్రేమ పిసరంతైనా లేదు, మొగుడి బండారం బయటపెట్టాలన్న కసి తప్ప.

ఆయన పెద్ద పెద్ద భవనాల బయటి గోడలకు రంగులు వేస్తారు. పది నెలల క్రితం పరంజా మీంచి జారిపడి కాలు విరిగింది. ఎముక అతికిందనీ, ఇక పనికి వెళ్ళొచ్చనీ డాక్టరు చెప్పి రెండు నెలలైంది. పని మాటెత్తితే చాలు, ఈయన మోకాలు పట్టుకుని "అబ్బా" అంటారు. టీవీ రిమోట్ కోసం లేచేటప్పుడు మాత్రం ఆ నొప్పి ఎటు పోతుందో తెలియదు. ఈ ఆదివారం సాయంత్రంలోగా వస్తావో రావో తేల్చి చెప్పు, లేదంటే వేరేవాణ్ణి పెట్టుకుంటానని మేస్త్రి కబురు చేశాడు. అందుకే ఆదివారం తెల్లవారకముందే అందరినీ లేపి బయల్దేరదీశాను. కొండెక్కిన కాలికి పనికెళ్ళడానికేం రోగం అని పైన నిలబెట్టి అడగాలని నా పథకం.

అత్తగారు, మూడో తరగతి చదివే మా పిడుగు, మేమిద్దరం. మసక వెలుతురులో ఆయనే అందరికన్నా ముందు నడిచారు. రాళ్ళ దగ్గర వాళ్ళమ్మకు చెయ్యి అందించారు, కూతుర్ని కాసేపు వీపున మోశారు. ఒక్కసారి కుంటితే ఒట్టు. నేను వెనక నడుస్తూ, అనబోయే మాటలకు పదును పెట్టుకుంటున్నాను.

"ఒరేయ్, మెల్లగా! కాలు విరిగింది నీకా, నాకా?" అత్తగారు రొప్పుతూ అరిచారు.

కొండ కొసన పెద్ద బండ ఉంది. దాని మీదికి ఇనుప మెట్లు, పక్కన కమ్మీలు. ఎక్కితే అవతల లోయంతా కనిపిస్తుంది. పిడుగు నానమ్మను లాక్కుంటూ చకచకా ఎక్కేసింది. మా ఆయన మొదటి మెట్టు దగ్గర ఆగిపోయారు.

"మీరు చూసి రండి. నేనిక్కడే ఉంటా."

ఇదే అదననుకుని నోరు తెరిచాను. అప్పుడు ఆయన చెయ్యి కనబడింది. కమ్మీని పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. అంత చలిలోనూ మెడ మీద చెమట.

"కాలు కాదు కదూ?" అన్నాను.

"కాలు ఎప్పుడో బాగైంది. ఈ మెట్ల సందుల్లోంచి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. మొన్న మన డాబా ఎక్కి బట్టలు తీయడానికి కూడా భయమేసింది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏడాదంతా ఆట పట్టిస్తావు. కాలు నొప్పంటే తిట్టి ఊరుకుంటావు."

నాకు తల కొట్టేసినట్టయింది. సోమరిపోతని ఎన్నిసార్లు అన్నానో! పక్కింటివాళ్ళ ముందు కూడా అన్నాను. మొదటి మెట్టు మీద కూర్చుని పక్కన చోటు చూపించాను. ఆయనా కూర్చున్నారు. అలాగే వెనక్కి జరిగి రెండో మెట్టు ఎక్కాను, ఆయనా జరిగారు. చంటిపిల్లల్లా కూర్చునే నాలుగో మెట్టు చేరాం. పైనుంచి చూసిన పిడుగు విరగబడి నవ్వి, తనూ కూర్చుని జరుగుతూ మా దగ్గరకు దిగింది. "ఇదేం చోద్యమే!" అంటూనే అత్తగారూ అలాగే దిగారు.

చెట్ల మీద ఎండ పడింది. ఆయన కాసేపు చూసి, "ఫోన్ ఇలా ఇవ్వు" అన్నారు.

మేస్త్రికి చేశారు. "అన్నా, కాలు బాగానే ఉంది. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. ఎత్తంటే భయంగా ఉంది. లోపలి గదులుంటే ఇవ్వు, రేపే వస్తా. బయటి గోడల సంగతి ఇప్పుడే చెప్పలేను."

పిడుగు నవ్వు ఆపేసి నాన్న మొహంలోకి చూసింది.

కింద నిలబడి నాలుగంతస్తుల పైకి వినబడేలా అరవడం అలవాటైన గొంతు కదా, మేస్త్రి జవాబు మా అందరికీ వినిపించింది. "ముందే చెప్పి చావొచ్చుగా! కాలు పనికిరాకుండా పోయిందేమోనని నేను బెంగపడుతుంటే! లోపల పన్నెండు గదులున్నాయి. ఎనిమిదింటికల్లా వచ్చెయ్."

ఆయన ఫోన్ పెట్టేసి నాకిచ్చారు. పిడుగు ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంకో మెట్టు ఎక్కుదామా నాన్నా?"

ఆయన పైకి చూశారు, కిందికీ చూశారు.

"ఇవాళ్టికి నా వల్ల ఇంతే. ఐదోది వచ్చే ఆదివారం."

రెండు నెలలుగా రేపటి గురించి ఒక్క మాటైనా మాట్లాడని మనిషి ఆయన. ఆ "వచ్చే ఆదివారం" విన్నాక ఎంత పెదవి కొరుక్కున్నా నాకు ఏడుపు ఆగలేదు.