అందరూ దాటిపోయిన రేకు

అంగలకుదురు దాటాక రోడ్డు పక్కనే ఉన్న రైసు మిల్లులో జ్ఞానానందం పంతొమ్మిదేళ్లుగా ఫిట్టరు. ఏ మిషను ఎప్పుడు మొరాయిస్తుందో చప్పుడు విని చెప్పేస్తాడు. ఆ సోమవారం పొద్దున పదిన్నరకు అతనికి వినబడింది మాత్రం సరోజ కేక.

ధాన్యాన్ని పైకి చేరవేసే ఎలివేటరు కింద రాలిన గింజల్ని ఊడ్చి తట్టకెత్తడం సరోజ పని. పెనుమూడిలో ఇల్లు. రోజూ రేపల్లె వచ్చి తెనాలి రైలెక్కుతుంది. ఆ రోజు పుల్లీ పక్కన పోగైన గింజల్ని చేత్తో లాగబోతే, తిరుగుతున్న బెల్టు ఆమె కుడిచేతిని లోపలికి లాక్కుంది. జ్ఞానానందం పరుగున వెళ్లి స్విచ్చి ఆపేసరికే రెండు వేళ్లు నలిగిపోయాయి. ఆటోలో తెనాలి తీసుకెళ్లారు. మధ్యాహ్నానికి డాక్టర్లు ఆ రెండు వేళ్లనూ తీసేశారు.

ఆ బెల్టుకు అడ్డంగా ఒక ఇనప రేకు ఉండాలి. చెయ్యి లోపలికి పోకుండా బిగించే గార్డు అది. తొమ్మిది రోజుల కిందట దాన్ని విప్పింది జ్ఞానానందమే. బెల్టు కొత్తది కావడంతో సాగుతోంది, పూటకోసారి బిగించాల్సి వస్తోంది. ప్రతిసారీ గార్డు విప్పి మళ్లీ పెట్టాలంటే అరగంట పని. అసలే సీజను. కుదురుకున్నాక పెడదాంలే అనుకుని రేకును గోడకు ఆనించాడు. అది జారి, మనుషులు నడిచే దారికి అడ్డంగా పడింది. అలాగే ఉండిపోయింది.

మర్నాడు మేనేజరు కృష్ణకాంత్ అతన్ని ఆఫీసు గదిలోకి పిలిచి ఒక కాగితం చేతికిచ్చాడు.

"చదివి సంతకం పెట్టు జ్ఞానానందం. రేపు ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసరు గారు వస్తున్నారు."

కాగితంలో నాలుగే వాక్యాలు. నడుస్తున్న మిషనులో చెయ్యి పెట్టవద్దని ఎన్నిసార్లు హెచ్చరించినా సరోజ వినలేదని, ప్రమాదం ఆమె అజాగ్రత్త వల్లే జరిగిందని. కింద సాక్షిగా అతని పేరు.

"గార్డు సంగతి రాయలేదేంటండి?"

"నిన్ననే బిగించేశావుగా. ఇప్పుడది దాని చోట్లో ఉంది. రాస్తే ముందు పోయేది నీ ఉద్యోగమే. నీ మంచికే చెప్తున్నా."

బిగించిన మాట నిజమే. ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే, ఎవరూ చెప్పకుండానే పానా తీసుకుని కూర్చున్నాడు. అరగంట పడుతుందని తొమ్మిది రోజులు వాయిదా వేసిన పని పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. వాచీ చూసుకున్నప్పటి నుంచీ అతనికి అన్నం సయించడం లేదు.

"రేపు పొద్దున ఇస్తానండి" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాడు.

సరోజ మంచం మీద కూర్చుని ఉంది. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. కూతురు జెస్సీ ఇడ్లీ తుంచి తినిపిస్తోంది. అతన్ని చూసి సరోజ లేవబోయింది.

"కూర్చో అమ్మా, కూర్చో. నొప్పెలా ఉంది?"

"మందులకి తగ్గిందన్నయ్యా. నాదే తప్పు. చూసుకోవాల్సింది."

"రేకు తీసింది నేను, సరోజా."

"తెలుసు. రోజూ దాని మీంచేగా దాటేదాన్ని. ఒకటి రెండుసార్లు అడుగుదామనుకున్నా. మిషన్ల సంగతి ఊడ్చేవాళ్లకెందుకని ఊరుకున్నా. నువ్వు తీశావంటే ఏదో కారణం ఉండే ఉంటదిలే అనుకున్నా."

ఆమె మాటల్లో నిష్ఠూరం లేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది జ్ఞానానందానికి. జేబులో కాగితం గురించి ఏమీ చెప్పకుండా లేచి వచ్చేశాడు.

మర్నాడు ఆఫీసరు రావడానికి గంట ముందే ఓనరు శేషగిరిరావు వచ్చి కూర్చున్నాడు. జ్ఞానానందం కాగితాన్ని సంతకం లేకుండానే బల్ల మీద పెట్టాడు.

"నేను సంతకం పెట్టలేనండి. గార్డు తీసింది నేను, తిరిగి పెట్టనిదీ నేనే. ఆ ముక్క రాస్తే పెడతాను."

"నువ్వొక్కడివే ఇరుక్కుంటావయ్యా" అన్నాడు కృష్ణకాంత్.

శేషగిరిరావుకు కోపం వచ్చింది. "తొమ్మిది రోజులు ఇంత పెద్ద రేకు దారిలో పడి ఉంటే, ఇంతమందిలో ఒక్కరూ చూడలేదా?"

"అందరూ చూశారండి. దాటుకుంటూ పోయారు." పంతొమ్మిదేళ్లలో జ్ఞానానందం ఆయనకు ఎదురు చెప్పిన రోజు లేదు. "శుక్రవారం మీరు కూడా పంచె ఎత్తిపట్టుకుని దాటారండి. నేను పక్కనే ఉన్నా. మీరేమీ అనలేదు కదా, పర్లేదులే అనుకున్నా."

కృష్ణకాంత్ తల వంచుకుని మెల్లగా అన్నాడు. "నాకూ తెలుసు సార్. శనివారం ఇతను మిల్లు కాసేపు ఆపి గార్డు పెడతానంటే, లోడు వెళ్లాక చూద్దామన్నది నేనే."

"మిషన్ల సంగతి నాకేం తెలుసయ్యా" అని మొదలుపెట్టిన శేషగిరిరావు ఆ మాట పూర్తి చెయ్యలేదు. కాళ్ల దగ్గర పడి ఉన్నదాన్ని చూడడానికి మిషన్ల సంగతి తెలియక్కర్లేదని ఆయనకే తట్టినట్టుంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని, "ఇంకో కాగితం తీసుకో కృష్ణకాంత్. జరిగింది జరిగినట్టు రాయి. నేను దాటిన సంగతి కూడా రాయి" అన్నాడు.

అందువల్ల అంతా సుఖంగా ఏమీ జరగలేదు. మిల్లుకు నోటీసు వచ్చింది, కేసూ నడిచింది. జ్ఞానానందాన్ని రెండు వారాలు పనిలోంచి ఆపారు. ఇంట్లో భార్య, "అందరికంటే ముందు నువ్వే ఎందుకు నోరు విప్పాలి?" అని రెండు రోజులు మాట్లాడలేదు. కానీ తప్పు సరోజదని మాత్రం ఎక్కడా రాయలేదు. ఆమెకు రావలసిన పరిహారం అడ్డు లేకుండా వచ్చింది.

అతను తిరిగి పనిలో చేరిన రోజున శేషగిరిరావు అందర్నీ వడ్లు ఆరబోసే కళ్లంలోకి పిలిచి ఒకే మాట చెప్పాడు. ఏది తేడాగా కనబడినా, చూసినవాళ్లు మిల్లు ఆపించవచ్చు. ఊడ్చేవాళ్లయినా సరే, ఎవరినీ అడగక్కర్లేదు. చూసి ఊరుకుంటే మాత్రం, తనతో సహా, జవాబు చెప్పాల్సిందే. జనం తలలూపారు. ఎవరూ పెద్దగా నమ్మలేదు.

మూడు నెలల తర్వాత సరోజ వచ్చింది. గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామంటే ఒప్పుకోలేదు.

"అక్కడ కూర్చుని ఏం చెయ్యనండి? పొద్దున్నే మిషన్లు వెయ్యకముందు ఒకసారి అంతా తిరిగి చూసే పని ఇవ్వండి. నేను చూసొచ్చాకే వెయ్యండి."

ఆమె పనిలో దిగిన రెండో వారంలో, బాపట్ల వెళ్లాల్సిన లారీ లోడు కోసం తెల్లారేసరికే గేటు ముందు ఆగి ఉంది. సరోజ లోపలంతా తిరిగి వచ్చి కృష్ణకాంత్‌తో చెప్పింది.

"పైకెళ్లే మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ ఊగుతోందండి. అతుకు ఊడింది. మిషన్లు ఇప్పుడే వెయ్యొద్దు."

జ్ఞానానందానికి ముఖం కందగడ్డయింది. ఆ అతుకు సంగతి అతను ముందు రోజే చూశాడు. ఆదివారం మిల్లు సెలవు కదా, అప్పుడు వెల్డింగు చేద్దామనుకున్నాడు. ఇంతమందిలో ఆమె ఆ మాట అనేసరికి ముందు కోపమే వచ్చింది.

"నిన్న నేను చూశాలే సరోజా. ఇవాళ్టికి ఏం కాదు."

"చూసి మరి చెప్పలేదేంటన్నయ్యా?"

ఆమె మామూలుగానే అడిగింది. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కృష్ణకాంత్ శేషగిరిరావు వైపు చూశాడు. ఆయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. మెట్ల దగ్గరికి నడిచి, కమ్మీని పట్టుకుని ఊపి చూసి, పక్కనున్న బస్తా మీద కూర్చున్నాడు.

"కానివ్వు జ్ఞానానందం. ఎంతసేపు పడుతుంది?"

"గంటండి" అన్నాడతను. మళ్లీ సర్దుకుని, "లేదండి, గంటకి తక్కువే" అని వెల్డింగు మిషను కోసం షెడ్డులోకి వెళ్లాడు. సరోజ ఎడమచేత్తో కమ్మీని కదలకుండా పట్టుకుంది. పదకొండు దాటాక లారీ బాపట్ల బయల్దేరింది.