డప్పు ఒప్పుకోని మాట

ఈదమ్మ పొద్దున చాయ్ కంటే ముందు డప్పుకు మంట చూపిస్తుంది. ఇంటి ముందు రెండు పిడికిళ్ల వరిగడ్డి అంటించి, తోలును అటూ ఇటూ తిప్పి కాచి, వేలితో తట్టి చూస్తుంది. కణకణమంటే చాయ్. అనకపోతే ఇంకో పిడికెడు గడ్డి.

మొగుడు పెద్దులు పోయి పదకొండేళ్లయింది. ఆయన పోయాక చాటింపుకు మనిషి లేడని పంచాయతీవాళ్లు తల గోక్కుంటూ కూర్చుంటే, ఈదమ్మ డప్పు భుజాన వేసుకుని బయటికొచ్చింది. ఆడది డప్పు కొట్టుడేందని నలుగురు నసిగారు.

"చాటేది నోటితోని, కొట్టేది చేతితోని" అంది ఈదమ్మ. "ఈ రెండిట్ల మీసం యాడ పనికొస్తదో చెప్పుండ్రి, తెచ్చుకుంట."

అప్పటి నుంచి నల్లబండపల్లిలో రేషన్ బియ్యం వచ్చినా, నల్లా బందయినా, పోలియో చుక్కలు వేసినా ఊరికి తెలిపేది ఆమే.

ఆ డప్పుకు ఒక గుణం ఉంది. మాట చాటి కొడితే, మాట నిజమైతే మోగుతుంది. అబద్ధమైతే తడిసిన బొంత మీద కొట్టినట్టు ఉలకదు, పలకదు. పెద్దులు తాత కాలం నుంచీ అంతే. ఊళ్లో దాన్నెవరూ వింతగా చూడరు. ఒకరి ఆవు తన్నుతుంది, ఒకరి ఆవు తన్నదు, ఇదీ అట్లాంటిదే. "బియ్యం వచ్చినయి" అని డీలరు చాటించిన రోజు డప్పు మోగలేదనుకోండి, సంచులు పట్టుకుని బయల్దేరినవాళ్లు ఇంటి గడప దగ్గరే ఆగి, సంచి మడిచి దండెం మీద వేసి, కలుపుకు పోతారు.

ఊరి అవతల మామిడితోటలో ఎమ్మెల్యే భీమయ్య ఇల్లు. ఆరుసార్లు గెలిచిన మనిషి, ఎనభై రెండేళ్లవాడు, ఊరికంతా పెద్దసారు. ఐదు నెలలుగా ఆయన ఎవరికీ కనబడలేదు. గేటుకు తాళం. హైదరాబాదులో వ్యాపారం చేసుకునే కొడుకు విజేందర్ వచ్చి తిష్ఠ వేశాడు. పాలమూరు నుంచి పేపర్లవాళ్లు వచ్చి అడిగినా, ఎదుటి పార్టీవాళ్లు గేటు ముందు కూర్చుని అడిగినా ఒకటే జవాబు: కొంచెం జ్వరమొచ్చింది, తగ్గింది, నాయిన మంచిగున్నడు. మనిషి ఒంట్లో ఏముందో అది ఇంటి సంగతే. కానీ ఆ ఒంటికున్న చెయ్యి ఊరి కాగితాల మీద సంతకాలు పెడుతున్నప్పుడు, ఆ చెయ్యి లేస్తుందో లేదో ఊరి సంగతి అవుతుంది. ఈ ముక్క విజేందర్‌కు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాడు కాదు.

దీపావళి పోయిన వారానికి పేపర్లో ఫోటో వచ్చింది. తోటలో నవ్వుతూ నిలబడ్డ పెద్దసారు. పక్కింటి హనుమమ్మ పేపరు పట్టుకుని వచ్చింది.

"ఈదమ్మక్కా, కార్తీకంల కాయలు వేలాడే మామిడిచెట్టు ఎన్నడన్న చూసినవా?"

"చెట్టును తర్వాత చూద్దాంలే. చొక్కా చూడు. గా చొక్కా పోయిన ఎండాకాలమే మన ఐలేశానికి ఇచ్చిండు. వాడు గదే ఏసుకొని మేకలు కాస్తుండు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఈదమ్మ నవ్వు తొందరగా ఆగిపోయింది, ఎందుకంటే పంచాయతీ ఆఫీసుకు వచ్చిన కాగితం సంగతి ఆమెకు ముందురోజే తెలిసింది.

గుట్ట కింద ఇరవై రెండు కుటుంబాలకు తలా రెండెకరాలుంది. నలభై ఏళ్ల కిందట, భీమయ్య మొదటిసారి గెలిచినప్పుడు, గొలుసు పట్టి తానే కొలిపించి ఇచ్చిన భూమి. అప్పటిదాకా ఒకరి చేలో వంగడమే తప్ప తన చేలో వంగి ఎరగని పెద్దులు, ఆ రోజు పట్టా నడుముకు చుట్టుకుని పొద్దుగూకేదాకా డప్పు కొట్టాడు. ఇప్పుడు ఆ భీమయ్య పేరు మీదే ఉత్తరం: 'ఈ కుటుంబాలన్నిటితో నేను స్వయంగా మాట్లాడాను. సోలార్ కరెంటు పలకల కంపెనీకి భూమి ఇవ్వడానికి అందరూ సమ్మతించారు.' కింద సంతకం. శుక్రవారం గ్రామసభలో చదివి పైకి పంపితే అయిపోయినట్టే. ఈదమ్మ రెండెకరాల్లో కంది పూత మీదుంది.

"నాతోని ఎప్పుడు మాట్లాడిండు?" అని ఆమె పంచాయతీ కార్యదర్శి దశరథ్‌ను అడిగింది.

"పెద్దసారు అబద్ధమాడతడా ఈదమ్మా?"

"సారు ఆడడు. కాయితం ఆడుతది."

"నాకేం తెలుసు. పోయి సారునే అడుగు."

అడగడానికి పోతే గేటుకు తాళం.

గురువారం పొద్దున ఆ గేటు లోపలి నుంచే తెరుచుకుంది. విజేందర్ ఈదమ్మను పిలిపించాడు. ఫోన్లలో పుకార్లు ఎక్కువయ్యాయని, ఊరికి ఊరి పద్ధతిలోనే చెప్పాలని అతనికి తట్టింది. చదువంతా హాస్టళ్లలో, బతుకంతా హైదరాబాదులో. ఊరి డప్పంటే అతనికి పెళ్లిలో చప్పుడు చేసేది, అంతే.

"నాయిన మంచిగున్నడని చాటాలె. రేపు గ్రామసభకు అందరు రావాలె, ఉత్తరం చదువుతరు. సరేనా?"

"చాటుత గనీ చిన్నసారూ, ఒక్కమాట మీ నాయినను అడిగిండ్రా? డప్పు సంగతి ఆయనకు ఎరుకే."

"డప్పుకేమైంది?"

"ఏం కాలే. అది మంచిగున్నది."

"మరింకేంది, పా" అన్నాడు విజేందర్. అక్కడితో ఊరుకోలేదు. చాటింపును లోకమంతా చూడాలని ఫోన్ పైకెత్తి, ఉన్నదున్నట్టు అప్పటికప్పుడు జనానికి చేరేట్టు పెట్టుకుని ఆమె పక్కనే నడిచాడు.

పంచాయతీ ఆఫీసు ముందు ఈదమ్మ మూడు దెబ్బలు వేసింది. ఖంగుమని మోగింది. చేతుల్లో పనులు చేతుల్లోనే పట్టుకుని జనం వచ్చారు.

"వినుండ్రమ్మా, వినుండ్రి. మన ఎమ్మెల్యే భీమయ్య సారు మంచిగున్నడు."

చిర్రపుల్ల ఎత్తి కొట్టింది. చప్పుడు లేదు. ఇంకోటి కొట్టింది. పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చేతిలో చీపురున్న ముసలమ్మ, సోమమ్మ, మెల్లగా ఆ చీపురు కింద పెట్టింది.

"గట్టిగ కొట్టు" అన్నాడు విజేందర్.

"చెయ్యి గట్టిదే చిన్నసారూ."

విజేందర్ వెనకాల తిరిగే వెంకటేశ్ ఈ ఊరివాడు. వాడు విజేందర్ చెవిలో ఏదో ఊదాడు. విజేందర్ మొహం వెలిగింది. "అంట పెట్టి చెప్పు. మంచిగున్నడంట అను."

చాటింపులో 'అంట' ఉండొద్దని పెద్దులు ఈదమ్మకు మొదటిరోజే నేర్పాడు. చూసినోడు 'ఉన్నది' అంటాడు, చూడనోడు 'ఉన్నదంట' అంటాడు, చాటేవాడు చూడనోడు కావొద్దని. అయినా ఆమె విజేందర్ మొహం ఒకసారి చూసి, అట్లాగే చాటింది.

"భీమయ్య సారు మంచిగున్నడంట."

డప్పు ఖణేల్మంది.

"విన్నరా?" అన్నాడు విజేందర్ గెలిచినట్టు.

"విన్నం బిడ్డా" అంది హనుమమ్మ. "మంచిగున్నడంట."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులో విజేందర్‌కు ఏదో తేడా కొట్టింది కానీ అప్పటికే హనుమమ్మ ముందుకొచ్చి, "అక్కా, గా అంట తీసెయ్. మేమడుగుతం, నువ్వు చాటు. సారు బతికున్నడా?" అని అడిగింది.

"భీమయ్య సారు బతికున్నడు." మోగింది. సోమమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"జరమొచ్చి తగ్గింది." మోగలేదు.

"మనుషులను గుర్తు పడుతుండు." మోగింది.

"లేచి తిరుగుతుండు." మోగలేదు.

"పక్షవాతం వచ్చింది" అని ఎవరో వెనకనుంచి నెమ్మదిగా అందించారు. ఈదమ్మ ఆ మాట చాటి కొట్టింది. మోగింది. ఎన్నో ఏళ్లుగా ఓట్లేసిన జనం, ఆ మోతకు తమ ఇంట్లో మనిషి పడిపోయినట్టు నిలబడిపోయారు.

తర్వాతి మాట ఎవరూ అందించలేదు. అది ఈదమ్మదే.

"గుట్ట కింది భూముల కాయితం మీద సంతకం భీమయ్య సారు పెట్టిండు."

మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ తోలు ఊ అనలేదు. ఆమె అప్పుడు విజేందర్‌ను చూసింది. అతను చేతిలో ఫోన్ ఇంకా పైకే ఉందని గుర్తొచ్చి చటుక్కున దించాడు. అప్పటికే పాలమూరు నుంచి చిట్యాల దాకా జనం చూసేశారు.

"డప్పు ఎన్నన్న అంటది" అన్నాడు పళ్లు బిగించి. "ఆఫీసుల డప్పు చెల్లదు, సంతకమే చెల్లుతది. రేపు చదువుతరు, పంపుతరు. నీ చిర్రలు నువ్వు దాచుకో."

అన్నదాంట్లో తప్పు లేదు. డప్పు మోగలేదని ఏ ఫైలులో రాస్తారు? ఈదమ్మ చేనికి పోయి పసుపుపచ్చని కందిపూతలో సాయంత్రం దాకా ఊరికే నిలబడింది.

ఆమెకు తెలియంది ఒకటుంది. మామిడితోట ఇంట్లో కిటికీ పక్క చక్రాల కుర్చీలో కూర్చున్న భీమయ్య, మోతనూ విన్నాడు, మోతల మధ్య ఖాళీలనూ విన్నాడు. ఆ డప్పు కింద పుట్టి పెరిగినవాడికి ఖాళీ అంటే ఏమిటో తెలుసు. ఏం చాటితే ఖాళీ వచ్చిందో నర్సు గ్లోరీ ఫోన్లో చూపించింది. ఆయన ఎడమచేత్తో కుర్చీ చెయ్యిని తట్టాడు. మళ్లీ తట్టాడు. గ్లోరీకి అర్థమయింది.

శుక్రవారం గ్రామసభలో దశరథ్ ఉత్తరం సగం చదివాడు. 'నేను స్వయంగా' అనే దగ్గర ఆగిపోయాడు. మట్టిదారి వెంబడి, అరికాళ్లదాకా దుమ్ముతో, గ్లోరీ కుర్చీ తోసుకొస్తోంది. కుర్చీలో భీమయ్య. మూతి ఒక పక్కకు జారింది, కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఐదు నెలలు దాచిన మనిషి పట్టపగలు ఊరి నడుమ.

"సిస్టర్" అన్నాడు విజేందర్, "నీకేం చెప్పిన నేను?"

"నోరు తెరవొద్దన్నరు సార్. తెరవలే. చక్రాలు తిప్పొద్దనలే."

భీమయ్య మాట్లాడాడు. మాటలు ముద్దగా వచ్చాయి, ఎవరికీ అందలేదు. దశరథ్ కలం పట్టుకుని అయోమయంగా చూశాడు. ఈదమ్మ లేచి కుర్చీ పక్కన వంగి చెవి పెట్టింది. విని, నిటారుగా నిలబడింది.

"నాకు పక్షవాతం వచ్చింది. మీకు చెప్పకుండ ఉండుడు నా తప్పు."

కొట్టింది. మోగింది. భీమయ్య తల ఊపాడు. మళ్లీ వంగి విన్నది.

"కాయితం మీద సంతకం నాది కాదు."

ఈసారి మోతకు పంచాయతీ రేకులు అదిరాయి. పావురాలు లేచిపోయాయి. గుట్ట తాకి ఆ మోత మళ్లీ ఊరిమీదికి తిరిగొచ్చింది. భీమయ్య ఇంకేదో అన్నాడు. ఈదమ్మకు జాలేసిందో, సరిగ్గా వినబడలేదో, "నా కొడుకు ఎరుకలేక చేసిండు" అని చాటి కొట్టింది. డప్పు మూగపోయింది. భీమయ్య తల అడ్డంగా ఊపి మళ్లీ చెప్పాడు.

"నా కొడుకు ఎరుకుండే చేసిండు."

మోగింది. విజేందర్ కారు తాళాలు వెతుక్కున్నాడు.

దశరథ్ మాట మాటా రాశాడు, చదివి వినిపించాడు. భీమయ్య కింద ఎడమ బొటనవేలు వేశాడు. ఉత్తరం చెల్లదని ఒక కాగితం, పదవి వద్దని ఇంకొకటి. ఇరవై రెండు కుటుంబాలవాళ్లూ సాక్షి సంతకాలు చేశారు. అప్పుడు ఈదమ్మ మాటలేవీ లేకుండా పెళ్లిదరువు ఎత్తుకుంది. ఆరుసార్లు గెలిచినప్పుడు జీపు మీద తిరిగిన బజార్లలోనే, ఏడోసారి, ఏ ఓటూ పడకుండా, భీమయ్య కుర్చీ మీద ఊరేగాడు. కుర్చీ ముందు హనుమమ్మ ఆడింది. మేకలను వదిలి వచ్చిన ఐలేశం, ఒంటి మీది ఆ చొక్కా చూపించి, "గిది ఫోటోల చొక్కా సారూ" అన్నాడు. భీమయ్య ఒక పక్క మూతితోనే నవ్వాడు.

తర్వాత నుంచి ప్రతి సోమవారం ఆయనే కబురు పంపేవాడు. గ్లోరీ చీటీ తెచ్చి చదివేది, ఈదమ్మ చాటేది. భీమయ్య సారు ఈ వారం రెండడుగులేసిండు. ఎడమచేత్తో బువ్వ తిన్నడు. మందులు చేదని రెండుసార్లు ఉమ్మిండు. అన్నీ మోగేవి. చేలకు పోయేవాళ్లు ఆగి విని పోయేవారు.

కంది కోతల నాటి సోమవారం చీటీలో ఒకటే మాట ఉంది. గ్లోరీ చదివింది: "మంచిగున్న."

ఈదమ్మ ఆమెను చూసింది. "చెయ్యి లేస్తుందా?"

"లేదు పెద్దమ్మా."

"మూతి?"

"గట్లనే ఉంది."

"మరి గిదేంది?"

"నాకేం తెలుసు. నవ్వుకుంట రాయించిండు. కొట్టి చూడు."

ఈదమ్మ గడ్డి అంటించి డప్పును మళ్లీ కాచింది. బజార్లోకి వచ్చి, గొంతు సవరించుకుని, అంట లేకుండా చాటింది.

"భీమయ్య సారు మంచిగున్నడు."

చిర్ర పడింది. గుట్ట కింద కంది కోస్తున్నవాళ్లు కొడవళ్లు ఆపి, నడుములు ఎత్తి, ఆ మోత ఆగేదాకా విన్నారు.