ఉదయకేతుని తేలికగూళ్ళు

జ్యేష్ఠమాసాంతమునఁ బడమటికొండలపైఁ గాటుకవన్నె మేఘములు బారులుదీఱి నిలువఁగాఁ దొలకరినీటి యెఱుపుదాల్చిన యేఱు గట్టులొరసికొని పాఱుచుండఁగా నేటిమీఁదికి వంగిన యీఁతమట్టల కొనలయందు గిజిగాండ్రు వ్రేలఁగట్టిన క్రొత్తగూళ్ళు పచ్చిగడ్డిపరిమళమును వెదచల్లుచు మెల్లమెల్లన నూఁగులాడుచుండెను. చూచువారికది కన్నులపండువు. ఆ గూళ్ళలో నొకదానఁ గ్రుడ్లపైఁ గూర్చుండిన తృణవేణికి మాత్రము తలప్రాణము తోఁకకు వచ్చుచుండెను.

ఆమె మగఁడగు ఉదయకేతుఁడు ఆ పక్షికులమునకు నాయకుఁడు. నిరుటివఱకు నా యీఁతతోఁపును గఠోరచంచువను ముసలికాకి యేలుచు గూటికొక గ్రుడ్డు కప్పముగాఁ గొనుచుండఁగాఁ దరతరములుగాఁ దలవంచి యిచ్చుచుండిన యల్పప్రాణులఁ గూడఁగట్టి యొక్కుమ్మడిగా నెగయించి యా క్రూరుని బొలిమేర దాటఁ దఱిమిన మహాసత్త్వుఁ డతఁడు. ఆ పోరునఁ దృణవేణియు నతని ప్రక్కనే పోరి ఱెక్కయీఁకలు గోలుపోయెను. ఇఁకమీఁద మన గ్రుడ్లు మనవే గదా యని యామె సంతసించుచుండఁగా నుదయకేతుఁడు యుగమే మాఱినదని ప్రకటించెను.

అతని గుణములను విమర్శించి చూడ నందు లోభము లేదు, దంభము లేదు. దొరకిన గింజను దాను ముట్టక పరులకిచ్చును. పొరుగుగూట మూలుగు వినవచ్చిన నిద్రమాని పరుగిడును. అయినను సకలపక్షిలోకక్షేమచింతాపరవశమగు నాతని దృష్టి యెల్లప్పుడు దిగంతములయందే విహరించుచుండుటచేఁ గాళ్ళక్రింది కొమ్మ యెన్నఁడు నాతనికిఁ గానరాదు. దుర్మార్గుఁడైన నొక తిట్టు తిట్టి యూరకుండవచ్చును గాని యీ మంచివానితో వేగుటెట్లని తృణవేణి తనలోఁ దాను విసిగికొనుచుండెను.

గిజిగాండ్ర కొక యాచారము గలదు. మగపక్షి గూడల్లిన పిమ్మట నాఁడుపక్షి యేటియొడ్డునుండి తడిమట్టి ముక్కునఁ గఱచి తెచ్చి లోపలిగోడకు మెత్తును. ఆ బరువుచే గూడు పెనుగాలికిఁ దలక్రిందులుగాక నిలుచును. ఉదయకేతుఁడు దీనినే మాన్ప సంకల్పించి సభదీర్చి పలికెను.

"సోదరులారా! ఆకాశసంచారులమగు మనకు మట్టి మోయుటేల? కాకికి వెఱచి గూట నడఁగియుండిన నాఁటి దాస్యచిహ్నమిది. స్వతంత్రుల గూడు తేలికయై యుండవలయును. నేఁటినుండి మట్టి మెత్తుట నిషిద్ధము."

సభ్యులు జయజయధ్వానములు సలిపిరి. తృణవేణి మగని నొంటిగాఁ జూచి యిట్లనెను. "నాథా! మనము స్వతంత్రులమని గాలికిఁ దెలియునా? చెవిలో నిల్లుగట్టుకొని పోరుచున్నాను గదా! గ్రుడ్లు పిల్లలగువఱకైన నీ మట్టి నుండనిమ్ము."

"కల్యాణీ! లోకమున కొక న్యాయమును నాయకుని గూటి కొక న్యాయమును నుండునా?" యని యతఁడు కన్నీరు గార్చుచు నామె మెత్తిన మట్టిని మొట్టమొదటఁ దన గూటినుండియే పెళ్ళగించి యేటఁ బాఱవైచెను. ఆ త్యాగమును జూచి కులమెల్లఁ బులకించి తమ గూళ్ళ మట్టిని సైతము పెళ్ళగించెను. తృణవేణి ముక్కు బిగించుకొని గ్రుడ్లపైఁ గూర్చుండెను. తెఱచియుండిన మంచిమాట వచ్చియుండదు.

మఱునాఁటి మధ్యాహ్నమున నైరృతినుండి ప్రచండమారుతము లేచి తోఁపుపైఁ బడెను. తేలికయగు గూళ్ళన్నియుఁ దలక్రిందులై గిరగిర దిరిగెను. తృణవేణి గోళ్ళతో గడ్డిపోచలు బిగఁబట్టి ఱెక్కలు చాఁచి యెంత యడ్డుపడినను గ్రుడ్లొక్కటొక్కటిగా ఱొమ్ముక్రిందినుండి జాఱి గూటినోటఁ బడి యేటఁ గలసిపోయెను. గాలి తగ్గునప్పటికిఁ దోఁపున నొక్కగూటనైన గ్రుడ్డు మిగులలేదు.

అప్పు డుదయకేతుఁడు తడిసిన ఱెక్కలతో నెత్తైన మట్టపై నిలిచి కన్నీటితో నెలుఁగెత్తి పలికెను. "సోదరులారా! మన గ్రుడ్లు వృథాగాఁ బోలేదు. అవి నవయుగమునకై ప్రాణములర్పించిన వీరులు! వచ్చు ఋతువున నింతకంటెఁ దేలికయగు గూళ్ళు—"

"చాలు! చాలింపుము!" అని తృణవేణి యఱచెను. "వీరులఁట! కన్నైనఁ దెఱవని వానిచే నర్పణ లెవ్వరు చేయించిరి? కాకి గూటి కొకటి తినెడిది. తక్కినవానిని బెంచుకొంటిమి. నీవు నాకొక్కటియైన మిగుల్పవైతివి."

ఉదయకేతుఁడు మట్ట దిగి యామెకడకు వచ్చెను. "నేను మీ మేలే కోరితిని గదా!"

అది యసత్యము గాదు. అందులకే యామెకు మఱింత మంట పుట్టెను. "కోరితివి! చెడుగోరిన కాకిని దఱుముటకు మనమందఱము చాలితిమి. మేలుగోరు నిన్ను నేనేమి చేయుదును? లోకమును బ్రేమించుట కెగిరినఁ జాలును నాయకా! గ్రుడ్డును బ్రేమించుటకుఁ గూర్చుండవలయును. నీవెన్నఁడైనఁ గూర్చుంటివా?"

జన్మమున మొదటిసారి యుదయకేతుఁడు దిగంతములు విడిచి తన కాళ్ళక్రిందికిఁ జూచెను. తృణవేణి యతనివంకఁ జూడక తన గూటిలోనికిఁ బోయి యింకను వెచ్చదనము వీడని చోట ఱెక్కలు ముడుచుకొని కూర్చుండెను.