ఈర్ష్య బరువు

గురువారం పొద్దున్నే డేల్ కోస్కీ పడవలో అడుగు పెట్టేసరికి వెనక భాగం జానెడు లోతుకి దిగిపోయింది. రేవు బల్ల మీద కాఫీ తాగుతున్న అతని భార్య లైలా కప్పు పక్కన పెట్టింది.

"నిన్న మా అన్నయ్య కొత్త మోటారు చూశావు కదూ?" అంది.

"చూడలేదు" అన్నాడు డేల్. పడవ ఇంకో రెండు వేళ్లు దిగింది.

ఒకళ్లని చూసి కుళ్లుకున్నప్పుడల్లా డేల్ బరువెక్కేవాడు. పుట్టినప్పటి నుంచీ అంతే. హెరన్ సరస్సు చుట్టూ ఉన్నవాళ్లందరికీ అది తెలుసు. చర్చిలో అతను కూచునే బెంచీకి కింద ఇనపకమ్మీ వేయించారు. పక్కింటివాళ్లు కొత్త కారు కొంటే, ఆ వారం రోజులూ లైలా అతన్ని మేడమెట్లు ఎక్కనిచ్చేది కాదు.

వాళ్లది పద్నాలుగు అడుగుల అల్యూమినియం పడవ. ఆ సరస్సులో పెట్రోలు ఇంజన్లు తేకూడదు. బ్యాటరీతో నడిచే చిన్న ట్రోలింగ్ మోటార్లే అందరికీ దిక్కు. పాతికేళ్లుగా పడవ వెనక కూచుని చేతిపిడి తిప్పుతూ డేల్ నడిపిన మోటారు మొన్న కాలిపోయింది. ఇప్పుడు తెడ్లే గతి.

లైలా అన్న వెర్న్ మాత్రం రిమోటు మోటారు బిగించుకున్నాడు. అగ్గిపెట్టెంత రిమోటు మెళ్లో తాడుకి వేలాడుతుంది. ఎక్కడ కూచుని మీట నొక్కినా పడవ మాట వింటుంది. డేల్‌ని అసలు కోసిన సంగతి అది కాదు. కిందటేడు నుంచీ కూతురు కైసా మామయ్య పడవలోనే చేపల వేటకి పోతోంది.

ఆ మధ్యాహ్నం డేల్ ఆర్నీ కొట్టుకి వెళ్లాడు. ఆర్నీ మూడు మోటార్లు వరసగా గోడకి ఆనించాడు.

"చేతిపిడి అయితే వెనక కూచోవాలి. నీ సంగతి నీకు తెలుసు కదా, వెనక దిగబడుతుంది" అన్నాడు. "కాలి పెడలు ముందుంటుంది. రెండు చేతులూ గాలానికి ఖాళీ. కానీ నువ్వు బరువెక్కావంటే పడవ ముక్కుతో నీళ్లు తాగుతుంది. నీలాంటివాడికి రిమోటే మేలు. మధ్యలో కూచో, ఎవర్ని చూసి కావాలంటే వాళ్లని చూసి ఏడు."

"వెర్న్ కొన్నదేగా అది?"

"అవును."

"అయితే వద్దు. చేతిపిడే ఇవ్వు. నా చేతిలో ఉన్నదే నాది."

కౌంటరు దగ్గర నేల కిర్రుమంది. ఆర్నీ కంగారుగా అన్నాడు: "ఆదివారం దాకా ఆలోచించుకో. బయట నిలబడి ఆలోచించు."

ఆదివారం మధ్యాహ్నం డేల్ తెడ్లు వేసుకుంటూ ఒంటరిగా బయల్దేరాడు. వారమంతా వానలు పడి సరస్సు నిండింది. తూర్పున ఆనకట్ట మీంచి నీళ్లు పొర్లుతున్నాయి. వంద గజాల దూరంలో వెర్న్ పడవ. అందులో కైసా నవ్వుతోంది. చలికాలమంతా జిల్లా రోడ్ల మీద మంచు తోసే పెద్ద బండి నడిపే పిల్ల, మామయ్య జోకులకి చిన్నపిల్లలా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. డేల్ పడవ అంచుకీ నీళ్లకీ మధ్య బెత్తెడు మిగిలింది.

అంతలో వెర్న్ గాలానికి పెద్ద వాలై చేప పడింది. దాన్ని వలలోకి లాగబోయి వంగాడు. మెళ్లో తాడు పుటుక్కున తెగి రిమోటు నీళ్లలో పడిపోయింది. మోటారు ఆగింది. కొత్త మోటారు ఉండగా తెడ్లెందుకని, అవి ఇంట్లోనే వదిలి వచ్చాడు వెర్న్. పడమటి గాలి పడవని ఆనకట్ట వైపు తోసుకుపోసాగింది.

"నాన్నా!" అని కేక వేసింది కైసా.

డేల్ అడ్డంగా తెడ్లు వేసి దగ్గరికి చేరి తాడు విసిరాడు. కైసా దాన్ని కొక్కేనికి కట్టింది. తాడు బిగిసింది. ఎడ్లబండిలా నీళ్లలో కూరుకున్న డేల్ పడవ కదల్లేదు. దాంతో రెండోదీ ఆగింది. గట్టు మీంచి ఆనకట్ట కాపలాదారు అరిచాడు: "పొడుగు తాడు తెస్తున్నా! కాసేపు పట్టుకోండి!"

అప్పుడు డేల్ కూతురి మొహం చూశాడు. పెదాలు తెల్లబడిపోయాయి. అతని గుండెలో ఉన్న కుళ్లంతా ఒక్కసారి కారిపోయింది. పడవ తేలికగా పైకి లేచింది. రెండు పడవలూ కలిసి కొట్టుకుపోవడం మొదలుపెట్టాయి.

"బావా, తేలిపోతున్నావ్!" అని గగ్గోలు పెట్టాడు వెర్న్. "నన్ను తలుచుకో! నా మోటారు! నా పెన్షను నీకంటే ఎక్కువ!"

పడవ కాస్త దిగింది.

"అమ్మడూ, నువ్వూ ఏదో ఒకటి అను!"

"మామయ్య చేసే పానుకాకు అట్టు నువ్వు చేసేదానికన్నా బావుంటుంది నాన్నా!"

"అబద్ధం!" అన్నాడు డేల్. పడవ ఇంకాస్త దిగింది.

"మీ పెళ్లికి ముందు లైలాకి ఆర్నీ అంటే ఇష్టం!" అన్నాడు వెర్న్.

"మామయ్య పాటలు బాగా పాడతాడు!"

అబద్ధాలు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. కాపలాదారు ఇంకా రాలేదు. పడవ మళ్లీ తేలుతోంది. ఆనకట్ట హోరు దగ్గరైంది. కైసా తాడుని రెండు చేతులా పట్టుకుని, తండ్రి కళ్లలోకి చూస్తూ అరిచింది:

"మామయ్య పడవలో ఉంటేనే నాకు హాయిగా ఉంటుంది నాన్నా!"

అది అబద్ధం కాదని డేల్‌కి తెలిసింది. పడవ నిలువునా దిగింది. అంచుకి వేలెడు దిగువన ఆగిన నీళ్ల మీద, సరస్సు అడుక్కి మేకు దిగ్గొట్టినట్టు నిలబడిపోయింది. కాపలాదారు తాడు వచ్చి పడేదాకా అంగుళం కదల్లేదు.

గట్టు మీద వెర్న్ వణుకుతూ దుప్పటి కప్పుకుని కూచున్నాడు. డేల్ ఎక్కడ నిలబడితే అక్కడ బూట్లు బురదలో దిగిపోతున్నాయి.

"ఆఖరున అన్నది నిజమే కదూ?" అని అడిగాడు.

కైసా తలూపింది.

"ఎందుకు?"

"మొదటి రోజే మోటారు పిడి నా చేతికిచ్చాడు నాన్నా. ఇరవై ఏళ్లు నీతో వచ్చాను. ఒక్కసారైనా పిడి పట్టుకోనిచ్చావా?"

డేల్ వంగి, తడిసిన తాడు చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

సోమవారం కొట్టు తలుపులు తీయగానే డేల్ ఆర్నీ ముందు నిలబడ్డాడు. "కాలి పెడలుది ఇవ్వు" అన్నాడు.

"ముక్కు మునుగుతుందని చెప్పానుగా?"

"ముందు నేను కూచోను."

ఆ సాయంత్రం కైసా ముందు కుర్చీలో కూచుని, పెడలు మీద కాలు ఆనించి, గాలం విసిరింది. పాదం కొంచెం వాల్చగానే పడవ రెల్లు అంచు వెంబడి చప్పుడు లేకుండా మెత్తగా తిరిగింది. పాతికేళ్లలో డేల్ ఒక్కసారీ అంత శుభ్రంగా తిప్పలేదు. వెనక ఖాళీ చేతులతో కూచున్న అతను ఆ పాదం వంక చూస్తూ ఉండగా, పడవ వెనక భాగం నాలుగు వేళ్లు దిగింది.

కైసా వెనక్కి తిరక్కుండానే అంది: "నాన్నా, కాస్త ముందుకి జరుగు."

డేల్ లేచి, వంగి వంగి నడిచి, ఆమె పక్కనే కూచున్నాడు. పడవ ముక్కు మునగలేదు.